తాకని కుంచె: ఎయిర్‌బ్రష్, లాకర్ రంగుల ఉమ్మడి చరిత్ర

నిజమైన విమానాన్నో, యుద్ధ ట్యాంకునో, కారునో నిర్ణీత నిష్పత్తిలో కుదించి చేసే నమూనాను స్కేల్ మోడల్ అంటారు. 1/72 స్కేలు అంటే అసలు వస్తువులో 72 సెంటీమీటర్లుండే పొడవు నమూనాలో ఒక్క సెంటీమీటరే ఉంటుందని అర్థం. అచ్చులు చేసేవారి నైపుణ్యం వల్ల ఆకారం ఈ విధంగా కుదించుకుంటుంది గాని, దానిపై పూసే రంగు తనంతట తాను కుదించుకోదు. నమూనాపై రంగు పొర 0.1 మిల్లీమీటరు మందంగా పడితే, స్కేలు లెక్కన అది అసలు విమానంపై 7.2 మిల్లీమీటర్ల పూతతో సమానం. అంతటి పూత కింద రేకుల అతుకు గీతలు, రివెట్ల తలలు, తలుపుల అంచులు పూడిపోయి, నమూనా ఎంత శ్రద్ధగా చేసినా బొమ్మగానే కనిపిస్తుంది. పొర అతి పలుచగా ఉండాలి, అంతటా సమంగా పరచుకోవాలి, కుంచె వెంట్రుకల జాడ కనిపించకూడదు అనే ఈ మూడు షరతులనూ ఒకేసారి నెరవేర్చినవి ఎయిర్‌బ్రష్, లాకర్ రంగు అనే రెండు ఆవిష్కరణలు. అవి వేర్వేరు చోట్ల, వేర్వేరు అవసరాల కోసం పుట్టినప్పటికీ, ఒకదాని లోపాన్ని మరొకటి పూడ్చిన తీరును గమనించకుండా ఏ ఒక్కదాని చరిత్రనూ పూర్తిగా అర్థం చేసుకోలేము.

రంగులు ఆరే పద్ధతులు ప్రధానంగా రెండు. ఎనామెల్ రంగులో ఉండే నూనె సంబంధమైన రెసిన్ గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి, గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి గట్టిపడుతుంది. అలా గట్టిపడిన పొరను అది మొదట కలిసి ఉన్న ద్రావణి మళ్ళీ కరిగించలేదు. లాకర్ అందుకు భిన్నమైనది. అందులో రెసిన్ ఒక బలమైన ద్రావణిలో కరిగి ఉంటుంది, ద్రావణి ఆవిరైపోగానే రెసిన్ పొరగా మిగులుతుంది, ఈ మార్పులో రసాయన చర్య ఏదీ జరగదు కనుక అదే ద్రావణి తగిలితే ఎన్నేళ్ళ తరువాతైనా పొర మళ్ళీ కరుగుతుంది. నిమిషాల్లో ఆరడం, మళ్ళీ కరగడం అనే ఈ రెండు గుణాలే లాకర్ స్వభావమంతా. జపానులో చెట్టు పాలతో చేసే ఉరుషి పూతను కూడా లాకర్ అనే పిలుస్తారు గాని, అది గాలిలోని తేమ సాయంతో, ఒక ఎంజైము ప్రేరణతో రసాయనికంగా గట్టిపడే పదార్థం. ఈ వ్యాసంలోని లాకర్‌తో దానికి పేరులో తప్ప పోలిక లేదు.

ఎయిర్‌బ్రష్, లాకర్ రంగు రెండింటిలో ముందుగా పుట్టినది ఎయిర్‌బ్రష్. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం న్యూటన్‌కు చెందిన ఫ్రాన్సిస్ స్టాన్లీ, తరువాతి కాలంలో ఆవిరి కార్ల నిర్మాతగా పేరుపొందిన వ్యక్తి, ఛాయాచిత్రాలకు రంగులద్దడానికి ఉపయోగపడే తుంపర పరికరానికి 1876లో పేటెంటు పొందాడు. ఆ తరువాత రెండు మూడేళ్ళలోనే అయోవా రాష్ట్రంలోని వెబ్‌స్టర్ సిటీలో అబ్నర్ పీలర్ అనే ఆవిష్కర్త కుట్టుమిషను సూది, పాత చెంచా వంటి వస్తువులతో మరో సాధనాన్ని కూర్చాడు. అందులో సూది ముందుకూ వెనక్కూ కదులుతూ కొనపైకి కొద్దికొద్దిగా రంగు తెచ్చేది, గాలి వేగం ఆ రంగును చెదరగొట్టి కాగితంపైకి విసిరేది. ఆ సాధనంపై హక్కులను కొనుగోలు చేసిన లిబర్టీ వాకప్ ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో తయారీ సంస్థను నెలకొల్పి, ఎయిర్‌బ్రష్ అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు. నేటి సాధనానికి దగ్గరి రూపం మాత్రం 1890ల తొలినాళ్ళలో చార్లెస్ బర్డిక్ చేతిలో వచ్చింది. 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనలో చోటు దక్కిన ఆ ఎయిర్‌బ్రష్‌లో రంగు, గాలి సాధనం బయట కాక లోపలే, కొన దగ్గర కలుసుకునేవి. బర్డిక్ అటుపై ఇంగ్లండుకు వెళ్ళి ఏరోగ్రాఫ్ పేరుతో ఎయిర్‌బ్రష్‌లు తయారుచేయించాడు.

ఈ సాధనం పనిచేసే తీరు చూడడానికి సులువుగా ఉన్నా సూక్ష్మమైనది. ఒక గొట్టం కొనలో సన్నని రంధ్రం, అంటే నాజిల్, ఉంటుంది. దాని మధ్యగా పొడవైన మొనదేలిన సూది దూరి రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. నాజిల్ చుట్టూ ఉన్న సందులోంచి గాలి మహావేగంతో దూసుకుపోతుంది. వేగంగా పోయే ఆ గాలి నాజిల్ ముందు పీడనాన్ని తగ్గిస్తుంది కనుక రంగు దానంతటదే బయటికి లాగబడి, గాలి ఒరిపిడికి చిన్న చిన్న తుంపరలుగా విడిపోతుంది. ట్రిగ్గరును కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే సూది జరిగి రంగు వచ్చేలా రెండు చర్యలూ ఒకే వేలికి అప్పగించిన రకాన్ని డబుల్ యాక్షన్ అంటారు. గీతను వెంట్రుకంత సన్నగా మొదలుపెట్టి అరచేయంత వెడల్పుగా విస్తరింపజేయగల స్వేచ్ఛ చిత్రకారుడికి దీనివల్లనే దక్కింది. 1910ల చివర చిత్రకారుడు మాన్ రే ఎయిర్‌బ్రష్‌తో చిత్రాలు వేశాడు, ఛాయాచిత్రాలను దిద్దే పనివారికి దశాబ్దాలపాటు అదే ప్రధాన పనిముట్టు. అయితే అప్పట్లో అందులో పోసినవి ఎక్కువగా నీటి రంగులు, సిరాలు.

లాకర్ కథ పేలుడు మందుతో మొదలవుతుంది. 1846లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త క్రిస్టియన్ షోన్‌బైన్ నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో దూదిపై చర్య జరిపి నైట్రోసెల్యులోజ్‌ను తయారుచేశాడు. ఎక్కువ నైట్రేషన్ జరిగినది తుపాకి మందుగా పనికివస్తే, తక్కువ జరిగినది ద్రావణుల్లో కరిగి, ఆరిన తరువాత పారదర్శకమైన గట్టి పొరను ఇచ్చేది. సెల్యులాయిడ్, ఛాయాచిత్రాల ఫిల్ము, ఇత్తడి వస్తువుల మెరుగు పూత అన్నీ దీని సంతానమే. రంగుగా వాడడానికి మాత్రం ఒక పెద్ద అడ్డంకి ఉండేది. నైట్రోసెల్యులోజ్ అణువుల గొలుసులు పొడవైనవి కావడంతో ద్రావణిలో కొంచెం కలిపినా ద్రవం బంకలా చిక్కబడేది. పూయగలిగేంత పలుచన చేస్తే, ఆరిన తరువాత మిగిలే పదార్థం అత్యల్పం కావడంతో అనేక పూతలు అవసరమయ్యేవి.

ఆ అడ్డంకి తొలగడంలో కొంత అదృష్టమూ ఉంది. 1920లో న్యూజెర్సీలోని పార్లిన్‌లో ఉన్న డ్యూపాంట్ ఫిల్ము కర్మాగారంలో, సోడియం అసిటేట్ కలిసిన నైట్రోసెల్యులోజ్ పీపా కొన్నాళ్ళు పక్కన ఉండిపోయి, తెరిచి చూసేసరికి ఆ చిక్కని ద్రవం పలుచబడింది. గొలుసులు తెగి పొట్టివైనందువల్ల ఎక్కువ పదార్థాన్ని కరిగించినా ద్రవం చిక్కబడడం లేదని అర్థం చేసుకున్న రసాయనవేత్తలు దానిని రంగుగా మలిచారు. అదే 1923లో మార్కెట్టుకు వచ్చిన డ్యూకో. మొదటి ప్రపంచయుద్ధం ఈ రంగుకు మరో మేలు చేసిపెట్టింది. పేలుడు పదార్థాల తయారీకి కావలసిన అసిటోన్‌ను రసాయనవేత్త ఛైమ్ వైజ్‌మన్ పద్ధతిలో బాక్టీరియా సాయంతో పులియబెట్టి తీసినప్పుడు, దానితోపాటు దాదాపు రెండింతల బ్యుటనాల్ కూడా వచ్చేది. యుద్ధకాలంలో ఎందుకూ కొరగాని ఆ ద్రవం నుంచి తయారయ్యే బ్యుటైల్ అసిటేట్, మరీ వేగంగానూ మరీ నిదానంగానూ కాక మధ్యస్థంగా ఆవిరయ్యే చక్కని ద్రావణిగా లాకర్ పరిశ్రమకు దొరికింది.

నూనె వార్నిష్‌తో కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టే కాలంలో డ్యూకో ఆ పనిని రోజుల్లోకి తెచ్చింది. జనరల్ మోటార్స్ వారి 1924 మోడల్ ఓక్లాండ్ కార్లు నీలిరంగు డ్యూకోతో బయటికి వచ్చాయి. అయితే ఈ రంగును కుంచెతో పెద్ద ఉపరితలంపై పూయడం దాదాపు అసాధ్యం. కుంచె రెండోసారి అదే చోటికి వచ్చేలోపే మొదటి గీత ఆరిపోతుంది, పైగా కొత్త తడి కింది పొరను కరిగించి పీకేస్తుంది. అందుచేత లాకర్ బతకాలంటే గాలితో చల్లే సాధనం ఉండి తీరాలి. అదృష్టవశాత్తు అది అప్పటికే సిద్ధంగా ఉంది: ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో అలెన్ డెవిల్‌బిస్ అనే వైద్యుడు రోగుల గొంతులో మందు చల్లడానికి చేసిన తుంపర సాధనాన్ని, ఆయన కుమారుడు థామస్ 20వ శతాబ్దపు తొలి దశకంలో రంగు చల్లే స్ప్రే గన్‌గా మార్చాడు. ఎయిర్‌బ్రష్‌కు పెద్దన్న వంటి ఈ స్ప్రే గన్ చేతుల్లోనే లాకర్ పారిశ్రామిక రంగుగా స్థిరపడింది. భారతదేశంలో వడ్రంగులు, చెక్క సామాను దుకాణదారులు స్ప్రే పూతను నేటికీ డ్యూకో అనే అంటారు. సహజ వర్ణాలతో మొదలైన నిర్మల్ చిత్రకళలో కూడా కాలక్రమంలో డ్యూకో రంగులు చోటు సంపాదించుకున్నాయి.

ప్లాస్టిక్ నమూనాల దగ్గరికి వచ్చేసరికి లాకర్‌కు ఎదురుదెబ్బ తగిలింది. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరిట సెల్యులోజ్ అసిటేట్‌తో 1/72 విమాన నమూనాలను విడుదల చేసింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఆ స్థానాన్ని పాలీస్టైరిన్ ఆక్రమించింది. లాకర్‌లో వాడే అసిటోన్, టాల్యూన్ వంటి ద్రావణులు పాలీస్టైరిన్‌ను కరిగిస్తాయి. నమూనా ముక్కలను అతికించే పలుచని జిగురు కూడా నిజానికి అటువంటి ద్రావణే, అది రెండు అంచులనూ కరిగించి ఒకటిగా కలుపుతుంది. అటువంటి ద్రవాన్ని కుంచె నిండా తీసుకుని పూస్తే ప్లాస్టిక్ ఉపరితలం మెత్తబడి గీతలన్నీ చెడిపోతాయి. అందుకే ఇంగ్లండులోని హల్ నగరపు హంబ్రోల్, అమెరికాలోని టెస్టర్స్ సంస్థలు నమూనాకారులకు ప్రధానంగా ఎనామెల్ రంగులను అందించాయి. ఈ టెస్టర్స్ స్వస్థలం, వాకప్ ఎయిర్‌బ్రష్‌లు తయారుచేసిన రాక్‌ఫర్డే.

లాకర్‌ను నమూనాల బల్లమీదికి మళ్ళీ తెచ్చిన ఘనత జపానుదే. వడ్రంగానికీ చెక్క బొమ్మలకూ పేరుమోసిన షిజువోకా నగరం, 1946లో కలప వ్యాపారంగా మొదలైన టమియా వంటి సంస్థలతో ప్లాస్టిక్ నమూనాలకు కేంద్రమైంది. గుంజే సాంగ్యో సంస్థ, నేటి జీఎస్ఐ క్రియోస్, అందించిన మిస్టర్ కలర్ రంగుల్లో ప్రధానంగా యాక్రిలిక్ రెసిన్, పాలీస్టైరిన్‌పై కాస్త నెమ్మదిగా పనిచేసే ద్రావణుల మిశ్రమం ఉంటాయి. కాలంతో పసుపుబారే నైట్రోసెల్యులోజ్‌తో పోలిస్తే యాక్రిలిక్ పొర తన వన్నెను బాగా నిలుపుకుంటుంది. 1980లో బండాయ్ సంస్థ గుండం రోబో నమూనాలను విడుదల చేశాక ఈ అభిరుచి అక్కడి యువతలో విస్తృతంగా పాకింది. ద్రావణులను మార్చడం ఎంత ముఖ్యమో, వాటిని చేరవేసే సాధనం అంతే ముఖ్యమని ఇక్కడ చెప్పుకోవాలి. ఎయిర్‌బ్రష్ నుంచి వెలువడిన తుంపర నమూనాను చేరేలోపే దానిలోని ద్రావణిలో కొంత భాగం గాలిలో కలిసిపోతుంది. మిగిలిన కొద్దిపాటి ద్రావణి ప్లాస్టిక్ పైపొరను ఇసుమంత మెత్తబరచి, ఆ వెంటనే ఆవిరైపోతుంది. ప్లాస్టిక్‌ను పాడుచేయవలసిన గుణమే ఆ మోతాదులో రంగును ప్లాస్టిక్‌లోకి నాటుకునేలా చేస్తుంది. లాకర్ పొర గోటితో గీకినా సులభంగా ఊడకపోవడానికి కారణం ఇదే.

వాడకంలో మొదటి మెట్టు పలుచన. సీసాలోని రంగుకు సమానంగానో, రెండింతలుగానో థిన్నర్ కలిపి, పాలంత పలుచన అయ్యేదాకా తెచ్చి, కంప్రెసర్ పీడనాన్ని చదరపు అంగుళానికి 15 నుంచి 20 పౌండ్ల మధ్య ఉంచడం సాధారణ పద్ధతి. సన్నని పనికి 0.2, 0.3 మిల్లీమీటర్ల నాజిళ్ళు, అడుగుపూతకు 0.5 మిల్లీమీటర్ల నాజిల్ అనువైనవి. దూరం పెరిగితే తుంపరలు దారిలోనే ఆరిపోయి, ఉపరితలంపై గరుకైన పొడిగా రాలుతాయి. దూరం తగ్గితే రంగు వరదలా పారుతుంది. అందువల్ల మొదట మంచు పట్టినట్లు ఒక పలుచని పొర, అది తడి ఆరీ ఆరకముందే దానిపై కొంచెం తడిగా మరో పొర వేస్తారు. కొత్త పొర పాతదానిని కొద్దిగా కరిగించి కలిసిపోవడం వల్ల రెండూ ఒకే పొరగా చదునవుతాయి. నునుపు మరింత కావాలంటే రిటార్డర్, అంటే నిదానంగా ఆవిరయ్యే ద్రావణి, కలిసిన థిన్నర్ వాడాలి.

తీరాంధ్రలో వానాకాలపు ఉక్కలో లాకర్ చల్లితే ఒక విచిత్రం కనిపించవచ్చు: నల్లగా, నిగనిగలాడవలసిన పొర తెల్లగా పాలిపోతుంది. ద్రావణి వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలపు వేడిని లాగేసుకుంటుంది కనుక అక్కడి ఉష్ణోగ్రత పడిపోయి, గాలిలోని తేమ నీటి బిందువులుగా మారి తడి పొరలో చిక్కుకుంటుంది. దీనిని బ్లషింగ్ అంటారు. రిటార్డర్ కలిస్తే పొర ఎక్కువసేపు తడిగా ఉండి ఆ నీటిని బయటికి పంపుతుంది. ఒకసారి పాలిపోయిన పొరపై కూడా ఉత్త థిన్నర్‌ను పలుచగా చల్లితే, మళ్ళీ కరిగే గుణం వల్ల అది చాలావరకు కోలుకుంటుంది. పూతల వరుస కూడా ఈ గుణం మీదే ఆధారపడుతుంది. లాకర్‌పై ఎనామెల్‌ను నిశ్చింతగా వేయవచ్చు, ఎందుకంటే ఎనామెల్‌ను పలుచన చేసే వైట్ స్పిరిట్ గట్టిపడిన లాకర్‌ను కదిలించలేదు. ఎనామెల్‌పై లాకర్ వేస్తే మాత్రం కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది.

ఈ సౌకర్యాలన్నింటికీ మూలమైన ద్రావణి ఆవిరులు ఊపిరితిత్తులకూ, నాడీ వ్యవస్థకూ హానికరమైనవి, నిప్పు అంటుకునేవి. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు తుంపరలను కొంత ఆపినా ఆవిరిని ఆపలేవు. అందుకు ఉత్తేజిత బొగ్గు గుళికలున్న రెస్పిరేటర్ అవసరం, ఆ గుళికలను కాలానుగుణంగా మార్చాలి. గాలిని గది వెలుపలికి పంపే ఫ్యానుగల స్ప్రే పెట్టెను వాడాలి, దీపం, పొయ్యి, నిప్పురవ్వలు చిందే స్విచ్చు దగ్గరలో ఉండకూడదు. సాధనాన్ని శుభ్రపరిచేటప్పుడు కూడా థిన్నర్ ఆవిరవుతూనే ఉంటుంది కాబట్టి, నాజిల్ కడిగి సూది తుడిచేంతవరకు రెస్పిరేటర్ ముఖంపై నుంచి తీయకూడదు, ఫ్యాను ఆపకూడదు.