శస్త్రచికిత్సకు ముందు ఒక ప్రశ్న

శస్త్రచికిత్సకు ముందు వైద్యులు అడిగే ప్రశ్నలలో ఒకదానిని చాలామంది తేలికగా దాటవేస్తారు: "మీ కుటుంబంలో ఎవరికైనా మత్తుమందు వలన ఇబ్బంది కలిగిందా?" "లేదు" అని చెప్పి సంతకం చేస్తారు. కొన్ని తెలుగు కుటుంబాలకు మాత్రం ఈ ప్రశ్న ఎంతో ముఖ్యమైనది.

రోగిని నిద్రపుచ్చిన వెంటనే శ్వాసనాళంలోనికి గొట్టం పంపవలసి ఉంటుంది. అందుకు కండరాలు సడలాలి. ఆ పనికి 1950ల నుండి వాడుకలో ఉన్న మందు సక్సినైల్ కోలీన్. నాడి నుండి కండరానికి ఆజ్ఞను మోసే ఎసిటైల్ కోలీన్ అణువులు రెంటిని జతచేసి అతికితే ఈ మందు అవుతుంది. ఆ పోలిక వల్లనే ఇది కండరాన్ని ఏమార్చగలుగుతుంది. కండరం మొదట కొద్దిగా అదిరి, తరువాత చచ్చుబడుతుంది. నిమిషంలో పని మొదలవుతుంది, సాధారణంగా పది నిమిషాలలో ముగుస్తుంది. రక్తంలోని బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని ముక్కలు చేయడమే ఇందుకు కారణం. నిజానికి ఇచ్చిన మందులో అధికభాగం కండరాన్ని చేరకముందే ఈ ఎంజైము వాత పడుతుంది.

ఆ ఎంజైము లేనివారిలో అదే మోతాదు గంటల తరబడి పనిచేస్తుంది. ఊపిరి తీసే కండరాలు సైతం కదలవు. యంత్రంతో శ్వాస అందిస్తూ నిద్రలోనే ఉంచితే రోగి పూర్తిగా కోలుకుంటాడు. ప్రమాదమల్లా సంగతి గుర్తించకపోవడంలోనే ఉన్నది. నిద్రమందు ఆపివేస్తే మెలకువ వస్తుంది, కాని కన్ను తెరవడానికి, కేక వేయడానికి శక్తి ఉండదు.

ఐరోపా సంతతివారిలో ఈ లోపం చాలా అరుదు. కోయంబత్తూరులోని ఆర్యవైశ్యులపై జరిపి 2006లో ప్రచురించిన పరిశోధనలో మాత్రం 100 మందిలో సుమారు నలుగురి రక్తంలో ఈ ఎంజైము చర్య కనబడలేదు. ప్రోటీనులో 307వ స్థానాన లూసీనుకు బదులు ప్రోలీను చేరడమే దీనికి మూలం. తరతరాలుగా సంబంధాలు తమలో తామే కలుపుకొనే సమాజాలలో ఇటువంటి మార్పులు నిలిచిపోవడం వింత కాదు. ఇది జబ్బు కాదు. నిత్యజీవితంలో దీని జాడే తెలియదు.

తల్లిదండ్రులిద్దరి నుండి లోపమున్న జన్యువు వస్తేనే చిక్కు. కనుక ఒకరిలో బయటపడితే తోబుట్టువులలో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశమైనా ఉంటుంది. కోలినెస్టరేజ్ రక్తపరీక్ష మామూలుదే, అయితే గర్భిణులలోను, కాలేయ వ్యాధి ఉన్నవారిలోను ఆ అంకె ఎటూ తగ్గుతుంది. లోపమున్నవారికి మైవాక్యూరియం కూడా పనికిరాదు. రోక్యురోనియం ఈ ఎంజైముపై ఆధారపడదు. దానికి విరుగుడైన సుగమాడెక్స్ ఒక చక్కెర వలయం, మందు అణువును తన నడుమ బంధించివేస్తుంది. రసాయనశాస్త్రంలో ఇంత ముచ్చటైన ఉపాయాలు అరుదు.

స్వదేశంలో పెద్దలను అడిగినప్పుడు "ఆపరేషను తరువాత చాలా ఆలస్యంగా లేచింది", "రాత్రంతా మిషను మీద ఉంచారు" వంటి మాటలు వినబడితే, వాటిని కాగితంపై వ్రాసుకొని ఇక్కడి మత్తు వైద్యునికి ముందుగానే చూపాలి. ఆనాటి ఆసుపత్రి చీటీ దొరికితే మరీ మేలు.