రేలంగి వెంకట్రామయ్య

రేలంగి వెంకట్రామయ్య (1910 ఆగష్టు - 1975 నవంబరు) తెలుగు సినిమా హాస్యనటుడు, గాయకుడు. ఇంటిపేరైన రేలంగి తోనే ఆయన ప్రేక్షకులకు సుపరిచితుడు. నాలుగు దశాబ్దాల కాలంలో సుమారు 300 చిత్రాలలో నటించాడు. 1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. ఈ పురస్కారం పొందిన మొదటి తెలుగు హాస్యనటుడు రేలంగి. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం పట్టణంతో ఆయనకు గాఢమైన అనుబంధం ఉంది.

బాల్యం, నాటకరంగం

రేలంగి తూర్పు గోదావరి జిల్లా రావులపాడు గ్రామంలో జన్మించాడు. తండ్రి రామస్వామి హరికథలు, సంగీతం నేర్పేవాడు. తల్లి అచ్చయ్యమ్మ రేలంగి పసితనంలోనే మరణించింది. ఆ తరువాత పినతల్లి గౌరమ్మ ఆయనను పెంచింది. ఇంట్లోనే సంగీతం, హరికథ ఉండటం వలన పాట, మాట విరుపు ఆయనకు చిన్ననాడే అలవడినాయి. ఈ రెండూ తరువాతి కాలంలో ఆయన నటనకు మూలధనమయ్యాయి.

కాకినాడలో చదువుకునే రోజులలో రేలంగి మనసు పుస్తకాల కంటే నాటకాల మీదనే ఎక్కువగా ఉండేది. బృహన్నల నాటకంలో స్త్రీ పాత్రతో రంగస్థలం ఎక్కాడు. ఆ రోజులలో స్త్రీ పాత్రలను మగపిల్లలే ధరించేవారు. కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సమాజంలో చేరి పలు నాటకాలలో నటించాడు. ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, ఆమె భర్త, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కూడా ఈ సమాజం నుండి సినిమాలకు వచ్చినవారే. 1933లో రేలంగికి బుచ్చియమ్మతో వివాహం జరిగింది.

సినిమా రంగ ప్రవేశం

1935లో విడుదలైన శ్రీకృష్ణ తులాభారం రేలంగి తొలి చిత్రం. అయితే ఈ చిత్రంతో ఆయనకు పేరు రాలేదు. అప్పట్లో తెలుగు చిత్రాలు ఎక్కువగా కలకత్తా, బొంబాయి, మద్రాసు స్టూడియోలలో తయారయ్యేవి. చిన్న నటులకు ఏడాదికి ఒక వేషం దొరకడం కూడా కష్టంగా ఉండేది. కాకినాడకు చెందిన దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య వద్ద చేరి, నిర్మాణ పనులలో సహాయకుడిగా ఉంటూ, అవకాశం వచ్చినప్పుడు చిన్న పాత్రలు వేస్తూ రేలంగి పదేళ్ళకు పైగా గడిపాడు. తెర వెనుక చేసిన ఈ చాకిరీ వలన చిత్ర నిర్మాణంలోని అన్ని శాఖలూ ఆయనకు తెలిసినాయి.

పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన గొల్లభామ (1947), వింధ్యరాణి (1948) చిత్రాలతో రేలంగికి గుర్తింపు మొదలైంది. కె.వి.రెడ్డి తీసిన గుణసుందరి కథ (1949)లో రాజుగారి ఇద్దరు పెద్ద అల్లుళ్ళలో ఒకడిగా నటించాడు. ఆ చిత్రంలో ప్రధాన పాత్రధారి కస్తూరి శివరావు అప్పటికి తెలుగులో అగ్రశ్రేణి హాస్యనటుడు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే ఆ స్థానం రేలంగికి దక్కింది. అప్పటికి ఆయన వయసు 40 దాటింది.

ప్రసిద్ధ పాత్రలు

విజయా సంస్థ నిర్మించిన పాతాళభైరవి (1951)లో రాణిగారి తమ్ముడు శూరసేనుడి పాత్ర రేలంగి జీవితంలో పెద్ద మలుపు. పేరులోనే శౌర్యం ఉండి, మనిషిలో పిరికితనం ఉన్న పాత్ర ఇది. రాకుమారిని పెళ్ళాడాలని ఆరాటపడే ఈ పాత్రకు పాట కూడా రేలంగి స్వయంగా పాడాడు. మిస్సమ్మ (1955)లో బిచ్చమెత్తుకునే దేవయ్యగా నటించి, ఆ పాత్ర పాటలను కూడా ఆయనే పాడాడు.

మాయాబజార్ (1957)లో దుర్యోధనుడి కుమారుడు లక్ష్మణకుమారుడు రేలంగి పాత్రలన్నింటిలోను ఎక్కువగా చెప్పుకోబడేది. పెళ్ళికొడుకు వేషంలో మురిసిపోతూ, మాయా శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుని చేతిలో భంగపడే సన్నివేశాలు ఈనాటికీ ప్రేక్షకులకు కంఠస్థం. తమిళ మాయాబజార్ లో ఈ పాత్రను కె.ఎ.తంగవేలు ధరించాడు. నర్తనశాల (1963)లో రేలంగి ఉత్తరకుమారుడు. చిన్నతనంలో ఏ విరాటపర్వ కథతో రంగస్థలం ఎక్కాడో, అదే కథలో ఐదు పదుల వయసులో యువరాజు పాత్ర ధరించడం విశేషం.

లవకుశ (1963)లో పాత్ర వీటికి భిన్నమైనది. ఇందులో రేలంగి చాకలివాడు, ఆయన భార్యగా గిరిజ. సీతను అడవికి పంపడానికి కారణమైన మాట ఈ పాత్ర నోటి నుండే వస్తుంది. ఆలుమగల తగువులో నవ్విస్తూ మొదలైన మాట కథలోని ఘోరమైన విషాదానికి దారి తీస్తుంది. హాస్యం కథకు అతికించిన అదనపు భాగం కాక, కథను నడిపించగలదని చెప్పడానికి ఈ సన్నివేశం మంచి ఉదాహరణ.

కథానాయకుడిగా

పుల్లయ్య దర్శకత్వంలోని పక్కింటి అమ్మాయి (1953)లో రేలంగి కథానాయకుడు, అంజలీదేవి నాయిక. పాశేర్ బాడీ అనే బెంగాలీ చిత్రం దీనికి మూలం. సంగీతమంటే ఇష్టపడే పొరుగింటి అమ్మాయిని మెప్పించడానికి, చాటున మిత్రుడు పాడుతుంటే కిటికీ వద్ద పెదవులు కదిపే యువకుడి కథ ఇది. ఆ మిత్రుడిగా గాయకుడు ఎ.ఎం.రాజా నటించాడు. తన పాటలు తానే పాడుకోగలిగిన రేలంగి, పాట రాని వాడిగా నటించి మెప్పించాడు. ఇదే కథతో 1968లో హిందీలో పడోసన్ వచ్చింది.

హాస్య జంటలు, నటన తీరు

గుండ్రని శరీరం, అమాయకమైన ముఖం, సాగదీసి పలికే మాట రేలంగి ప్రత్యేకతలు. బక్కపలుచని రమణారెడ్డి పక్కన నిలబడితే మాట మొదలు కాకముందే ప్రేక్షకులు నవ్వేవారు. ఒకరు జిత్తులమారి, మరొకరు వెర్రిబాగులవాడు అన్న పద్ధతిలో ఈ జంట అనేక చిత్రాలలో నటించింది. నాయికా నాయకులతో పాటు రేలంగి - గిరిజ జంటకు కూడా యుగళగీతాలు పెట్టడం అప్పట్లో పరిపాటి. సూర్యకాంతం గయ్యాళి భార్యగా, రేలంగి నోరు మెదపలేని భర్తగా నటించిన చిత్రాలు కూడా ప్రజాదరణ పొందాయి. రేలంగి హాస్యంలో నవ్వులపాలయ్యేది ఎక్కువగా ఆయన ధరించిన పాత్రే, ఎదుటివాడు కాదు.

తాడేపల్లిగూడెం

తాడేపల్లిగూడెం ఏలూరు, నిడదవోలు పట్టణాల మధ్య రైలు మార్గంపై ఉన్న వర్తక కేంద్రం. రేలంగి ఇక్కడ తన పేరుతో రేలంగి చిత్రమందిర్ అనే సినిమా హాలు కట్టించాడు. సంపాదనను స్థిరమైన వ్యాపారంలో పెట్టడం ఆనాటి నటులలో అందరికీ సాధ్యపడలేదు. రేలంగికి ముందు అగ్రస్థానంలో ఉన్న కస్తూరి శివరావు సొంత చిత్ర నిర్మాణంలో నష్టపోయి, ఆర్థిక ఇబ్బందులలో 1966లో మరణించాడు. నవ్వించే నటుడికి వేషాలు తగ్గిన తరువాత బతుకు ఎలా గడుస్తుందన్న ప్రశ్నకు ఈ ఇద్దరి జీవితాలు రెండు వేర్వేరు సమాధానాలు.

చివరి రోజులు

1960 దశకం చివరికి పద్మనాభం, రాజబాబు వంటి తరువాతి తరం హాస్యనటులు ముందుకు వచ్చారు. అనారోగ్యం వలన రేలంగి చిత్రాలు తగ్గించుకున్నాడు. 1974లో రమణారెడ్డి మరణించాడు. మరుసటి సంవత్సరం, 1975 నవంబరులో రేలంగి తాడేపల్లిగూడెంలో కన్నుమూశాడు.

ప్రభావం

రేలంగి తరువాత పాలకొల్లుకు చెందిన అల్లు రామలింగయ్య 1990లోను, అత్తిలిలో అధ్యాపకుడిగా పనిచేసిన బ్రహ్మానందం 2009లోను పద్మశ్రీ పొందారు. కొల్లేటి ప్రాంతానికి చేరువలోని నిడమర్రులో పుట్టిన ఎం.ఎస్.నారాయణ (1951 - 2015) కూడా అధ్యాపక వృత్తి నుండి వచ్చిన హాస్యనటుడే. రాజమండ్రికి చెందిన ఆలీ 2016 నుండి ఈటీవీలో ఆలీతో సరదాగా అనే ముఖాముఖి కార్యక్రమం నిర్వహించి, పాత తరం నటుల అనుభవాలను వారి నోటనే చెప్పించాడు. రేలంగి కాలంలో అటువంటి వేదిక లేదు. ఆయన పనితనానికి మిగిలిన సాక్ష్యం ఆయన చిత్రాలే.