మగ్గమువద్ద కంటిచూపు : పరీక్షలలో నిలిచిన చికిత్సలు

నలుబది యేండ్లు దాటిన నేతపనివాడు తెగిన పోగును పట్టి పన్నెలో దూర్చుటకు రెండు మూడు మార్లు తడుముకొనుట మన వాడలలో నిత్యము చూచుచున్నదే. షోలాపూరులో సాంచాలమీద పనిచేయువారు, బరంపురములో పట్టు నేయువారు, సేలములో చేమగ్గము వదలనివారు అందరును చెప్పు మాట ఒక్కటే: "మగ్గము కండ్లను తినివేసినది." ఈ మాటను నమ్మినవారు సన్న నూలు మాని ముతకకు దిగుచున్నారు. ముతకకు దిగినచో కూలియు దిగును. కొందరు నేతయే మాని కండెలు చుట్టుకొనుచు కూర్చుండుచున్నారు. ఇట్లు పోవు కూలిలో చాల భాగము పోగొట్టుకొన నక్కరలేనిదని వైద్యులు చేసిన పరీక్షలవలన తెలియుచున్నది. ఆ పరీక్షలలో ఏ చికిత్స నిలిచినదో, ఏది నిలువలేదో సభ్యులకు తెలియజేయవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా పరీక్ష యననేమో చెప్పవలెను. ఒక మందు వాడినవాడు బాగుపడినంత మాత్రమున మందు పనిచేసినదని చెప్పుటకు వీలులేదు, వాడకున్నను బాగుపడెడివాడేమో! అందుచేత ఒకే తీరున నున్నవారిని పోగుచేసి, చీట్లు వేసినట్లుగా రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు చికిత్స నిచ్చి, రెండవ జట్టును అట్లే యుంచి, కొంతకాలమునకు రెంటిని పోల్చి చూతురు. ఒకే పడుగుమీద రెండు రకముల పేక వేసి గుడ్డను పోల్చి చూచుట వంటిదే ఇది. క్రింద మేము చెప్పు అంకెలలో ముఖ్యమైనవి ఇట్టి పరీక్షలలో తేలినవి.

ఇక చత్వారము సంగతి. కంటిలోని కటకము చిన్నతనమున మెత్తగా నుండి, దగ్గరి వస్తువును చూచునపుడు ఉబ్బును. వయస్సు పెరిగినకొలది అది గట్టిపడి ఉబ్బుట మానును. అంతియే చత్వారము. ఇది నేసినవానికిని వచ్చును, నేయనివానికిని వచ్చును. పొలము దున్నువానికిని వచ్చును. కాకున్న దున్నువానికి దానివలన నష్టము తక్కువ, మనకు ఎక్కువ. కావున మగ్గము కండ్లను తినివేసినదనుట సరికాదు. కటకము ముదిరినదనుట సరి. దీనికి మందు అద్దములే.

అద్దములు పెట్టుకొన్న పని నిజముగా పెరుగునా యని అస్సాము తేయాకు తోటలలో ఒక పరీక్ష జరిగినది. దాని ఫలితము 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడినది. నలుబది యేండ్లు నిండి దగ్గరి చూపు తగ్గిన 751 మంది ఆకు కోయువారిని తీసికొని, సగము మందికి వెంటనే అద్దము లిచ్చిరి. తక్కినవారికి పరీక్ష ముగిసిన పిదప నిచ్చిరి. ప్రతిదినము కోసిన ఆకును తూచిరి. అద్దములు పెట్టుకొన్నవారు దినమునకు 25 కిలోలనుండి దాదాపు 35 కిలోలకు పెరిగిరి. అద్దములు లేనివారు 26 కిలోలనుండి సుమారు 30న్నరకు పెరిగిరి. రెండవ జట్టువారికిని పెరిగినది చూచితిరా! పోల్చుటకు ఆ జట్టే లేకున్నచో పెరిగినదంతయు అద్దముల మహిమయే యని చాటియుందురు. ఆ పెరుగుదలను తీసివేసి లెక్కించినను అద్దములవలన పని నూటికి 21 పాళ్ళకు మించి హెచ్చినట్లు తేలినది. ఏబది దాటినవారిలో ఈ హెచ్చు ఇంకను అధికము.

బంగ్లాదేశములో జరిగిన మరియొక పరీక్ష మనకు ఇంకను దగ్గరిది. అందులో 35 మొదలు 65 ఏండ్ల వయస్సుగల, దగ్గరి చూపుతో పనిచేయు 824 మందిని ఇట్లే విభజించిరి. ఎనిమిది నెలలకు అద్దములు పొందినవారి నెలసరి సంపాదన పొందనివారికంటె సుమారు మూడవవంతు హెచ్చుగా నున్నది. ఇది 2024లో ప్రచురింపబడినది. ఆకు కోయుటకే ఇంత లాభమున్నప్పుడు, వెండ్రుకవంటి పోగును పట్టవలసిన మన పనికి లాభము తక్కువ యుండదని మా యభిప్రాయము. అద్దములు పెట్టుకొన్నచో యజమాని సన్నరకము ఈయడేమోయని దాచుకొని తిరుగువారు మనలో నున్నారు. వారు ఈ అంకెలను యజమానికే చూపవచ్చును.

అయితే అంగడిలో దొరకు అద్దము లన్నియు మగ్గమునకు సరిపడవు. పత్రిక చదువుటకు కొలిచి యిచ్చిన అద్దము జానెడున్నర దూరమునకు ఏర్పడినది. మగ్గములో కూర్చున్నప్పుడు మన చూపు నిలుచు చోటు దానికంటె దూరము. అందుచేత మగ్గములో కూర్చుండి, కనుబొమ్మనుండి పేక తగులు చోటివరకు ఒక దారము పట్టి, అంత పొడవున ముడివేసికొని అద్దముల దుకాణమునకు తీసికొనిపోయి, "ఈ దూరమునకు ఈయుడు" అని అడుగవలెను. వెలుతురు సంగతియు మరువరాదు. అరువది యేండ్లవాని కంటి లోపలి తెరకు చేరు వెలుతురు ఇరువది యేండ్లవానికి చేరుదానిలో సుమారు మూడవవంతు మాత్రమే. కొడుకునకు చాలిన దీపము తండ్రికి చాలదు.

అద్దములు మార్చినను మసక పోకున్నచో శుక్లమేమో చూపించుకొనవలెను. మన దేశములో 2015 మొదలు 2019 వరకు జరిగిన జాతీయ సర్వేలో, ఏబది దాటిన అంధులలో నూటికి 66 మందికి శుక్లమే కారణమని తేలినది. చక్కెర వ్యాధి, పొగత్రాగుడు, స్టీరాయిడు మందుల దీర్ఘవాడకము దీనిని త్వరపరచును. దీనికి శస్త్రచికిత్స తప్ప వేరు మార్గము లేదు. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు తీసివేసిన కటకము స్థానమున కృత్రిమ కటకము నమర్చి చూపెను. 1976లో మధురలో డాక్టర్ జి. వెంకటస్వామి పదునొకండు పడకలతో ప్రారంభించిన అరవింద నేత్ర వైద్యశాల, 1992లో స్థాపించిన ఆరోలాబ్ ద్వారా ఆ కటకములను చవుకగా చేయించి పేదలకు అందుబాటులోనికి తెచ్చినది.

"యంత్రముతో చేయు ఆపరేషనుకు డబ్బు లేదు, చేతితో చేయునది పాతది గదా" యని వాయిదా వేయువారు పూనాలో జరిగిన పరీక్షను తెలిసికొనవలెను. నాలుగువందల మందిని రెండు విధముల ఆపరేషనులకు విభజించి ఆరు వారముల తరువాత చూడగా, అద్దముల సహాయముతో రెండు జట్ల చూపును సమానముగనే యున్నది. అద్దములు లేకుండ చూచునపుడు మాత్రము యంత్రపు జట్టుది కొంచెము మేలు. 2005లో వెలువడిన ఈ ఫలితమునుబట్టి, నేర్పుగల వైద్యుని చేతిలో చవుక ఆపరేషను నాసిరకము కాదని చెప్పవచ్చును. ప్రభుత్వ ఆసుపత్రులలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము క్రింద దీనిని ఉచితముగ చేయుదురు. శుక్లము ముదురువరకు ఆగవలెననునది పాతమాట. మిక్కిలి ముదిరినచో కంటిలో వాపును, ఒత్తిడిని తెచ్చును. పనికి అడ్డము వచ్చినప్పుడే చేయించుకొనుట మంచిది.

కోత లేకుండ శుక్లమును కరిగించు చుక్కలని సంతలలో అమ్మువారి మాట నమ్మదగినది కాదు. శుక్లమును కరిగించు చుక్కల మందు ఇంతవరకు లేదు. బలము మాత్రల సంగతియు పరీక్షించి చూచిరి. మధుర ప్రాంతపు పల్లెలలో 798 మందికి అయిదేండ్లపాటు, వారమునకు మూడు మార్లు, సగము మందికి సి, ఇ విటమినులును బీటాకెరోటినును, తక్కినవారికి ఏమియు లేని ఉత్తి మాత్రలును ఇచ్చిరి. ఎవరి మాత్ర ఏదో ఇచ్చువారికిని తెలియదు, మ్రింగువారికిని తెలియదు. చివరకు శుక్లము రెండు జట్లలోను ఒకే విధముగ పెరిగినది. ఈ మాత్రలకు పెట్టు డబ్బు కూరగాయలకు పెట్టినచో ఇంటిల్లిపాదికి ఉపయోగము.

నలక, పోగుముక్క, సాంచానుండి ఎగిరిపడిన నాడె తగిలి నల్లగుడ్డు గీచుకొనుట వేరొక అపాయము. నేపాలులోని భక్తపురములో ఇట్టి గీతలు పడిన 442 మందికి క్లోరాంఫెనికాల్ లేపనమును దినమునకు మూడుమార్లు మూడుదినములు పెట్టిరి. దెబ్బ తగిలిన 18 గంటలలోపల వచ్చిన 284 మందిలో ఒక్కరికిని పుండు పడలేదు. ఒకదినము దాటి, రెండుదినముల లోపల వచ్చిన 49 మందిలో 14 మందికి పడినది. ఇందులో పోల్చుటకు మందులేని జట్టు లేదను లోపమున్నది. ఊరూర కార్యకర్తలను పెట్టి నేపాలులోనే తరువాత చేసిన పెద్ద పరీక్షలో, మొత్తముమీద పుండ్ల సంఖ్య తగ్గలేదని 2022లో తెలిపిరి. కాబట్టి లేపనమును గూర్చి అతిగా చెప్పము. గాయమైన నాడే వైద్యుని చూడవలెనన్నంతవరకు సందేహము లేదు. ఆకుపసరు, తల్లిపాలు కంటిలో పోయుట, మందుల దుకాణములో అడిగి స్టీరాయిడు చుక్కలు వేసికొనుట, ఈ రెండును పుండును పెంచునవే.

ఇంతవరకు చెప్పినవి మనిషికి తెలిసి వచ్చునవి. నీటికాసులు తెలియకుండ వచ్చును. నొప్పి యుండదు, నడిమి చూపు చివరివరకు నిలుచును గనుక పోగు కనిపించుచునే యుండును, ప్రక్కచూపు మాత్రము హరించిపోవును. పోయిన చూపు ఏ మందుతోను తిరిగిరాదు. కంటి ఒత్తిడి హెచ్చుగా నుండి ఇంకను జబ్బు పట్టని 1,636 మందిపై అమెరికాలో జరిగిన పరీక్ష 2002లో వెలువడినది. చుక్కలు వేసికొనినవారిలో అయిదేండ్లకు నూటికి 4.4 మందికి, వేసికొననివారిలో 9.5 మందికి జబ్బు కనిపించినది. అనగా చుక్కలు అపాయమును సగమునకు పైగా తగ్గించినవి. చూపేమియు మెరుగుపడలేదని వీనిని మానివేయువారు చాలమంది. ఈ చుక్కల పని మెరుగు చేయుట కాదు, ఉన్నదానిని నిలుపుట. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బున్నచో మనకును వచ్చు అవకాశ మెక్కువ.

చక్కెర వ్యాధియు ఇట్లే చప్పుడు లేకుండ కంటి లోపలి తెరను పాడుచేయును. ఇంగ్లండులో జరిగి 1998లో ప్రకటింపబడిన పెద్ద పరీక్షలో, రక్తపుపోటును గట్టిగా అదుపులో నుంచినవారికి ఆ తెర చెడుట నూటికి 34 పాళ్ళును, చూపు తగ్గుట 47 పాళ్ళును తక్కువైనవి. చక్కెరను మాత్రమే చూచుకొని పోటును విడిచినవారు దీనిని గమనింపవలెను. చక్కెర యున్నవారు చూపు బాగుగ నున్నను ఏడాదికొకమారు కంటి లోపల చూపించుకొనవలెను.

కంటి శిబిరములలో చాలచోట్ల అక్షరములు చదివించి అద్దములు వ్రాసి పంపివేయుదురు. నలుబది దాటినవారు కంటి ఒత్తిడిని కొలువుమనియు, పాపను పెద్దదిచేసి లోపలి తెరను చూడుమనియు అడిగి చేయించుకొనవలెను. పాపను పెద్దదిచేయు చుక్కలు వేసిన పిదప కొన్ని గంటలసేపు దగ్గరి చూపు మసకగా నుండును. ఆ పూట నేత సాగదు, సాంచావద్దకు పోరాదు. కనుక వారపు సెలవునాడు పెట్టుకొని, ఇంటికి తీసికొనివచ్చుటకు ఒకరిని వెంటబెట్టుకొని పోవలెను. పాత అద్దములును, వాడుచున్న మందుల చీటియు తీసికొనిపోవలెను.