తాళం తిప్పితే... ‘గుయ్’మనాలి!

తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లపాటు సన్నగా ‘గుయ్’మని ఓ చప్పుడు. రోజూ వినిపిస్తున్నా ఎవరూ పట్టించుకోరు. అది వినిపించని రోజున మాత్రం బండి అంగుళం కదలదు. బండి మీదే బతుకు వెళ్లదీసే డెలివరీ కుర్రాడికైతే ఆ రోజు సంపాదన పోయినట్టే!

ఆ చప్పుడు చేసేది ఫ్యూయల్ పంపు. పాత బండ్లకి ఈ బెడద లేదు. పైన ట్యాంకు, కింద కార్బురేటర్... పెట్రోలు దానంతటదే జారేది. ఆగిపోతే బండిని కాస్త పక్కకి వంచి, నాబ్‌ని రిజర్వుకి తిప్పి, నాలుగు కిక్కులు కొడితే సరి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఆఫీసుకెళ్లే మామూలు బండికీ ఇంజెక్షన్ వచ్చింది. ఇంజెక్టర్‌కి పెట్రోలు జారితే చాలదు, చాలా బండ్లలో దాదాపు 3 బార్ల ఒత్తిడితో అందాలి. కారు టైర్లలో గాలికి కూడా అంత ఒత్తిడి ఉండదు.

పంపు పాడైందంటే షోరూముల్లో మొత్తం సెట్టు మార్చేస్తారు. బిల్లు వేలల్లో ఉంటుంది. నిజానికి చాలాసార్లు చెడేది లోపలున్న చిన్న మోటారో, దాని అడుగున మట్టి పట్టిన జల్లెడో! విడిగా మోటారు దొరికితే ఖర్చు బాగా తగ్గుతుంది. అందుకే ఇంట్లోనే విప్పేద్దామనిపిస్తుంది.

విప్పేముందు ఫ్యూజు, రిలే, పంపు దాకా వచ్చే 12 వోల్టుల కరెంటు చూసుకోవాలి. ఎర్రరంగు కిల్ స్విచ్ కూడా... అది ఆఫ్‌లో ఉందని తెలియక బండిని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్లినవాళ్లు తక్కువేం కాదు!

అసలు ప్రమాదం ఆ తర్వాతే. పెట్రోల్లో మునిగి తిరిగే మోటారు నిప్పు ఎందుకు అంటించదు? ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి, అంటుకోవడానికి సరిపడా గాలి దొరకదు కాబట్టి. అదే పంపుని బయటకి తీసి, పెట్రోలు తడితోనే బ్యాటరీకి కలిపి ‘తిరుగుతుందా, లేదా’ అని చూస్తే? ఇక్కడ గాలికి కొదవ లేదు, ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి వంటింటి స్టవ్ దాకా, దేవుడి గదిలో దీపం దాకా వెళుతుంది. ఈ పని గదిలో కాదు, ఆరుబయటే చేయాలి. ముందు పంపు కనెక్టర్ తీసేసి, ఇంజిన్ నడుస్తుంటే ఆగేదాకా ఉంచితే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ఆ తర్వాత బ్యాటరీ తీగ తీయాలి.

మార్పుల్లోనూ పొదుపు చూసుకుంటే కష్టమే. మామూలు రబ్బరు గొట్టం పెట్రోల్లో నానితే ఉబ్బి చిట్లుతుంది. ట్యాంకులో మునిగి ఉండేందుకు చేసిన గొట్టమే వాడాలి. తీగలు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, చప్పుడొస్తుంది కానీ పెట్రోలు రాదు. పాత సీలునే మళ్లీ బిగిస్తే ట్యాంకు కారుతుంది.

ఇక అలవాట్ల సంగతి. ఈ మోటారుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ వంద రూపాయలకి కొట్టించుకుని అడుగంటేదాకా నడిపితే అది వేడెక్కుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమని పీల్చుకుంటుంది. వారాల తరబడి కదలకుండా ఉన్న బండిలో నీరు అడుక్కి చేరి తుప్పు పట్టిస్తుంది.

అంతా బిగించాక వెంటనే సెల్ఫ్ నొక్కకూడదు. రెండు మూడుసార్లు తాళం ఆన్ చేసి, ఆఫ్ చేసి, గొట్టం నిండనివ్వాలి. అతుకుల దగ్గర వేలితో తడిమి చూసి, పొడిగా ఉంటేనే స్టార్ట్ చేయాలి.