ఇంటి పరీక్షకులు – వారి సంఘము

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని కొనుటయు అంతకన్న సులభమైన పని కాదు. కట్టించుకొన్నవానికి పునాది లోతు తెలియును. కొన్నవానికి వెల్లవేసిన గోడ మాత్రమే కనబడును. పైకప్పులోని చెమ్మయు, దూలములోని చెదయు, విద్యుత్తు తీగెలలోని లోపమును గృహప్రవేశము జరిగిన పిమ్మటగాని బయటపడవు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ కష్టమునుండియే యొక వృత్తి పుట్టినది. కొనువాడే చూచుకొనవలెనను పాత న్యాయసూత్రము అక్కడ చిరకాలము చెల్లినది. కొనువాని తరఫున తెలిసినవాడొకడు ఇల్లు చూచి, ఉన్నది ఉన్నట్లు వ్రాసియిచ్చు పద్ధతి 1970వ దశకమున వ్యాపించెను. కాని పరీక్షకుడనని చెప్పుకొనుటకు నాడు నిర్ణీతమైన అర్హత యేదియు లేదు. కప్పెక్కి చూచినవాని పత్రమునకును, వీథిలో నిలిచి చూచినవాని పత్రమునకును పేరు ఒక్కటే.

ఇట్టి స్థితిలో కొందరు పరీక్షకులు కూడి 1976వ సంవత్సరమున అమెరికన్ గృహ పరీక్షకుల సంఘమును స్థాపించిరి. ఆ సంఘము చేసిన పనులలో రెండు ముఖ్యమైనవి. మొదటిది ఆచరణ ప్రమాణములు. కట్టడము, పైకప్పు, నీటి గొట్టములు, విద్యుత్తు మొదలగువానిలో ఏమి చూడవలెనో, ఏమి చూడనక్కరలేదో ఇందు నిర్ణయింపబడినది. పరీక్షకుడు గోడ పగులగొట్టి చూడడు. కంటికి, చేతికి అందినదానినే పరీక్షించును. కావున అతని పత్రము ఇంటికి పూచీకత్తు కాదు.

రెండవది నీతి నియమావళి. బేరము కుదిరిననే రుసుము ముట్టునను ఒప్పందమునకు పరీక్షకుడు అంగీకరింపరాదు. తాను లోపము చూపిన యింటికి ఏడాదిలోపల తానే సొమ్ము పుచ్చుకొని మరమ్మతు చేయరాదు. రోగము చెప్పు వైద్యుడును, మందులమ్ము వర్తకుడును ఒక్కడే అయినచో రోగికి సందేహము కలుగుట సహజము గదా!

1984వ సంవత్సరమున కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానము ఒక ముఖ్యమైన తీర్పు చెప్పినది. సరిగా దిమ్మిస చేయని మెరక మట్టిపై కట్టిన యిల్లు నేలజారి దెబ్బతిన్నది. ఇంటిని కంటితో చూచినంతలో తెలియదగిన లోపములను విచారించి కొనువానికి తెలుపుట, అమ్మించు దళారి బాధ్యతయేయని ఆ తీర్పు సారాంశము. అటుపిమ్మట స్వతంత్ర పరీక్షకుని యవసరము మరింత స్పష్టమయ్యెను.

అయినను సంఘబలమునకు ఒక హద్దు కలదు. తప్పుచేసిన సభ్యుని అది వెలివేయగలదు. సభ్యుడు కానివానిని ఏమియు చేయజాలదు. అందువలన టెక్సాసు, న్యూజెర్సీ మొదలగు పలు రాష్ట్రములు చట్టముచే అనుమతిపత్రమును నిర్బంధము చేసినవి. కాలిఫోర్నియాలో మాత్రము అట్టి నిర్బంధము నేటికిని లేదు.

ఆ దేశమున ఇండ్లు కొనుచున్న తెలుగు కుటుంబములు నేడు అనేకము. పరీక్షకుని చాలవరకు దళారియే చూపించును. బేరము చెడగొట్టువాడని పేరుపడిన పరీక్షకునికి దళారులు మరల పని చెప్పుటకు వెనుదీయుదురు. నియమావళి యెంత గట్టిదైనను, ఈ చిక్కు పూర్తిగా తీరలేదు. కావున పరీక్షకుని కొనువాడే వెదకి కుదుర్చుకొనుట మేలు. పరీక్ష జరుగునపుడు వెంటనుండి చూచుట మరియు మేలు.