ఇంటికీ లైసెన్స్ ఉంటుంది: లండన్‌లో షేరింగ్ గది తీసుకునేవారికి తెలియాల్సిన చట్టం

ఈస్ట్ హామ్‌లో గది దొరికిందని హైదరాబాద్‌కో, గుంటూరుకో ఫోన్ చేసే విద్యార్థి మామూలుగా మూడు సంగతులు చెబుతాడు. అద్దె ఎంత, ఇంట్లో ఎంతమంది, కాలేజీ ఎంత దూరం. నాలుగో సంగతి ఒకటుంది. దాని గురించి ఇంట్లోవాళ్లు అడగరు, అతనికీ చాలాసార్లు తెలియదు. ఆ ఇంటిని అలా పదిమందికి అద్దెకివ్వడానికి యజమానికి లైసెన్స్ ఉందా?

తూర్పు లండన్‌లోని న్యూహామ్ బరోలో ఈ ప్రశ్నకు చాలా విలువ ఉంది. ఈస్ట్ హామ్, మేనర్ పార్క్, ఫారెస్ట్ గేట్, స్ట్రాట్‌ఫర్డ్ ఈ బరో పరిధిలోనివే. భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్న కుటుంబాలు దశాబ్దాలుగా స్థిరపడిన ప్రాంతమిది. యూనివర్సిటీ ఆఫ్ ఈస్ట్ లండన్ ఇక్కడే ఉంది. మన తిండి దొరికే హోటళ్లు, గుడి, మెట్రో రైలు దగ్గర్లోనే ఉండటంతో చదువుకోసం వచ్చే తెలుగు విద్యార్థులు మొదట వెతికే పేర్లలో ఈస్ట్ హామ్ ఒకటి. బరో మొత్తంలో ప్రైవేటు అద్దె ఇళ్లన్నిటికీ యజమానులు లైసెన్స్ తీసుకోవాల్సిందేనని ఇంగ్లండ్‌లో మొదటిసారిగా, 2013 జనవరి 1 నుంచి, నిబంధన పెట్టింది కూడా న్యూహామ్ కౌన్సిలే.

మూడు రకాల లైసెన్సులు

వీటన్నిటికీ ఆధారం 2004లో బ్రిటన్ పార్లమెంటు చేసిన హౌసింగ్ చట్టం. ఇందులో 'హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్' అనే మాట కీలకం. పొట్టిగా హెచ్‌ఎంఓ అంటారు. ఒకే కుటుంబానికి చెందని ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఒక ఇంట్లో ఉంటూ వంటగది, బాత్రూమ్, టాయిలెట్ లాంటివి ఉమ్మడిగా వాడుకుంటే, స్థూలంగా అది హెచ్‌ఎంఓ. భార్యాభర్తలు, పిల్లలు, దగ్గరి బంధువులు ఒక కుటుంబం కిందకు వస్తారు. స్నేహితులు రారు. ఒకే ఊరి నుంచి వచ్చి, ఒకే కుండలో వండుకు తిన్నా చట్టం లెక్కలో ముగ్గురు స్నేహితులు మూడు కుటుంబాలే. విశ్వవిద్యాలయాలు నడిపే హాస్టళ్లు ఈ లెక్కలోకి రావు. యజమాని తానుండే ఇంట్లోనే ఒకరికో ఇద్దరికో గది ఇస్తే అదీ రాదు.

మొదటిది తప్పనిసరి లైసెన్స్. ఒకే కుటుంబానికి చెందని ఐదుగురు లేదా అంతకు మించి ఉండే హెచ్‌ఎంఓకు ఇంగ్లండ్‌లో ఎక్కడైనా ఇది కావాలి. 2006లో మొదలైనప్పుడు మూడంతస్తుల ఇళ్లకే వర్తించేది. 2018 అక్టోబర్ 1న అంతస్తుల షరతు తీసేశారు. దాంతో రెండంతస్తుల మామూలు వరుస ఇళ్లు కూడా ఇందులోకి వచ్చాయి. ఈస్ట్ హామ్ వీధుల్లో కనిపించేవి ఎక్కువగా ఇలాంటి ఇళ్లే.

రెండోది అదనపు లైసెన్స్. ముగ్గురు, నలుగురు ఉండే చిన్న హెచ్‌ఎంఓలకూ లైసెన్స్ ఉండాలని స్థానిక కౌన్సిల్ తన పరిధిలో నిర్ణయించవచ్చు. మూడోది సెలెక్టివ్ లైసెన్స్. దీనికి కుటుంబమా, స్నేహితులా అన్న తేడా లేదు. కౌన్సిల్ ప్రకటించిన ప్రాంతంలో ఇల్లు అద్దెకిస్తే చాలు, లైసెన్స్ కావాలి. ఈ రెండూ ఐదేళ్లకు మించని పథకాలు. గడువు తీరాక కొనసాగించాలంటే కౌన్సిల్ మళ్లీ ప్రజాభిప్రాయం సేకరించి కొత్తగా ప్రకటించాలి. న్యూహామ్‌లో 2013, 2018 పథకాల తర్వాత 2023లో మూడో విడత మొదలైంది. ఇందులో హెచ్‌ఎంఓలకు అదనపు లైసెన్స్, ఒకటి రెండు వార్డులు మినహా మిగతా బరోలోని ఇతర అద్దె ఇళ్లకు సెలెక్టివ్ లైసెన్స్ ఉండాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. కుటుంబానికి అద్దెకిస్తానని సెలెక్టివ్ లైసెన్స్ తీసుకున్న యజమాని, అదే ఇంటిని నలుగురు విద్యార్థులకు ఇస్తే ఆ లైసెన్స్ సరిపోదు. చేతిలో ఒక కాగితం ఉన్నా, చట్టం ప్రకారం అది లైసెన్స్ లేని హెచ్‌ఎంఓ.

గదికి కొలత, ఇంటికి లెక్క

హెచ్‌ఎంఓ లైసెన్స్‌లో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి, ఏ గదిలో ఎంతమంది నిద్రపోవచ్చు. రెండు, ఇల్లు మొత్తానికి ఎంతమంది ఉండొచ్చు. 2018 నుంచి పడకగదికి కనీస కొలతలు జాతీయ స్థాయిలో అమల్లో ఉన్నాయి. పదేళ్లు దాటిన ఒకరికి 6.51 చదరపు మీటర్లు, అంటే దాదాపు 70 చదరపు అడుగులు. ఇద్దరికి 10.22 చదరపు మీటర్లు, దాదాపు 110 చదరపు అడుగులు. 4.64 చదరపు మీటర్ల కన్నా చిన్న గదిని ఎవరూ పడుకోవడానికి వాడకూడదు. కౌన్సిళ్లు ఇంతకన్నా పెద్ద కొలతలు పెట్టవచ్చు గానీ తగ్గించకూడదు.

వీటికి తోడు ఏటా గ్యాస్ తనిఖీ, ఐదేళ్లకోసారి విద్యుత్ తనిఖీ, ప్రతి అంతస్తులో పొగ అలారం తప్పనిసరి. ఇంట్లో ఉన్నవారి సంఖ్యకు తగిన వంటగది, స్నానాల గదులు ఉండాలి. మంటలు వస్తే బయటపడే దారికి అడ్డం ఉండకూడదు. యజమాని ఈ బాధ్యతకు తగిన మనిషేనా అనేది కూడా కౌన్సిల్ చూస్తుంది. మోసం, హింస, ఇళ్ల చట్టాల ఉల్లంఘన లాంటి పాత కేసులుంటే లైసెన్స్ నిరాకరించవచ్చు.

లైసెన్స్ లేకపోతే ఎవరి నేరం?

యజమానిదే. అద్దెకున్నవారిది కాదు. లైసెన్స్ లేని ఇంట్లో ఉన్నందుకు విద్యార్థిపై కేసు ఉండదు. కోర్టులో నేరం రుజువైతే యజమానికి జరిమానాపై పరిమితి లేదు. కోర్టుకు వెళ్లకుండా కౌన్సిల్ నేరుగా 30,000 పౌండ్ల దాకా జరిమానా వేసే అధికారం 2017లో వచ్చింది. 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ఈ పరిమితిని 40,000 పౌండ్లకు పెంచింది.

విద్యార్థికి నేరుగా ఉపయోగపడేది మరొకటుంది. దాని పేరు అద్దె వాపసు ఉత్తర్వు. లైసెన్స్ ఉండాల్సిన ఇంటిని లేకుండా అద్దెకిచ్చిన కాలానికి, కట్టిన అద్దె తిరిగి ఇప్పించమని ఇళ్ల వివాదాలు చూసే ట్రిబ్యునల్‌ను అద్దెదారే స్వయంగా అడగవచ్చు. కౌన్సిల్ కేసు పెట్టేదాకా ఆగనక్కర్లేదు. ఇప్పటిదాకా గరిష్ఠంగా 12 నెలల అద్దె అడిగే వీలుండేది. కొత్త చట్టం దాన్ని రెండేళ్లకు పెంచింది. ఈ మార్పు అమలు తేదీ 2026 మే 1. అడిగినదంతా వస్తుందని కాదు. ఇంటి పరిస్థితి, ఇరుపక్షాల ప్రవర్తన చూసి ట్రిబ్యునల్ మొత్తాన్ని తేలుస్తుంది.

అయితే నేరం జరిగిందని క్రిమినల్ కేసులో లాగే సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. అద్దె బ్యాంకు ద్వారా కట్టి, యజమానితో వాట్సాప్ సంభాషణలు దాచుకున్నవారికి ఇది సాధ్యం. రసీదు లేకుండా నగదు చేతికిచ్చినవారికి కష్టం. అద్దె నగదుగానే కావాలని పట్టుబట్టే చోట అనుమానించాల్సింది ఇందుకే.

ఇల్లు తీసుకున్న సీనియర్ సంగతి

తెలుగు విద్యార్థుల్లో మామూలైన పద్ధతి ఒకటుంది. ముందు వచ్చిన సీనియర్ ఒకరు ఇల్లు మొత్తం తన పేరిట తీసుకుంటాడు. తర్వాత వచ్చే జూనియర్లకు గదులు, మంచాలు పంచి, నెలనెలా డబ్బు వసూలు చేసి యజమానికి కడతాడు. ఇందులో కొందరు లాభం చూసుకుంటారు, చాలామంది సాయంగానే చేస్తారు. కానీ హౌసింగ్ చట్టం ఉద్దేశాన్ని కాదు, అద్దె ఎవరి చేతికి వస్తోందో చూస్తుంది. ఇంట్లో ఉండేవారి నుంచి అద్దె తీసుకునే వ్యక్తిని ఇంటిని నిర్వహించేవాడిగా పరిగణించే వీలుంది. అలా అయితే లైసెన్స్ లేని నేరం అతని మీదకూ వస్తుంది.

2023 మార్చిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఈ బరువును ఇంకా పెంచింది. మధ్యలో మరొకరు ఇల్లు తీసుకుని గదులు అద్దెకిచ్చినప్పుడు, అద్దె వాపసు ఉత్తర్వు ఆ మధ్యవ్యక్తి మీదే ఇవ్వాలి గానీ పైనున్న అసలు యజమాని మీద ఇవ్వడం కుదరదని కోర్టు చెప్పింది. మధ్యలో డొల్ల కంపెనీలను నిలబెట్టే యజమానులకు అది కలిసొచ్చింది. కొత్త చట్టం దీన్ని మార్చి పై యజమానినీ బాధ్యుణ్ని చేసింది. దానివల్ల మధ్యలో ఉన్న సీనియర్ బాధ్యత మాత్రం తొలగిపోదు.

కాగితం ఒక్కటే కాపాడదు

2023 మార్చిలోనే తూర్పు లండన్‌లోని షాడ్‌వెల్‌లో ఒక ఫ్లాట్‌లో మంటలు చెలరేగి బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక వ్యక్తి చనిపోయాడు. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీతో మొదలైన మంట అది. రెండు పడకగదుల ఆ ఇంట్లో కనీసం 18 మంది ఉంటున్నారు. న్యూహామ్‌కు దగ్గర్లోని టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ ఆ ఫ్లాట్‌కు లైసెన్స్ ఇచ్చింది, అదీ ముగ్గురికి మాత్రమే. తర్వాత యజమానులు కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

అంటే అక్కడ లోపించింది లైసెన్స్ కాదు, తనిఖీ. యజమానుల సంఘాలు ఈ వ్యవస్థపై చేసే విమర్శ కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. నిజాయితీపరులు ఫీజు కట్టి దరఖాస్తు చేస్తారు, అక్రమార్కులు అసలు కౌన్సిల్ గడపే తొక్కరు, ఫీజు భారం చివరికి అద్దెలోనే కలుస్తుంది అన్నది వారి వాదన. 2019లో ప్రభుత్వం ప్రచురించిన స్వతంత్ర సమీక్ష మధ్యేమార్గంగా తేల్చింది. సెలెక్టివ్ లైసెన్సింగ్ పనిచేస్తుంది, కానీ పథకాన్ని సరిగా రూపొందించి తగినంత సిబ్బందితో అమలు చేసినప్పుడే. 2024 డిసెంబర్ దాకా పెద్ద పథకాలకు కేంద్ర మంత్రి ఆమోదం కావాల్సి వచ్చేది. ఇప్పుడు కౌన్సిళ్లే నిర్ణయించుకోవచ్చు. కాబట్టి ఇలాంటి పథకాలు మరిన్ని నగరాలకు విస్తరించే వీలుంది.

ఎక్కువమంది ఉంటే చౌక

లైసెన్స్‌లోని సంఖ్యకు అద్దెదారుల వైపు నుంచి కూడా ఒక ధర ఉంది. ఉదాహరణకు నెలకు 2,400 పౌండ్ల ఇంట్లో ఎనిమిది మంది ఉంటే తలకు 300 పౌండ్లు పడుతుంది. లైసెన్స్ ఐదుగురికే అయితే తలకు 480. చదువుకు అప్పు చేసి వచ్చి, వారానికి ఇన్ని గంటలే పని చేయాలన్న వీసా షరతు మధ్య బతికే విద్యార్థికి ఆ 180 పౌండ్ల తేడా చిన్నది కాదు. కౌన్సిల్ మనిషి తలుపు తడితే అదనంగా ఉన్నవాళ్లు కాసేపు బయటికెళ్లేది యజమాని మీద ప్రేమతో కాదు, ఈ లెక్క వల్ల. ఫిర్యాదు చేస్తే ముందు పోయేది తమ మంచమేనని వారి భయం. అది పూర్తిగా తప్పని కూడా చెప్పలేం.

కానీ ఆ భయంలో ఒక భాగం ఇప్పుడు తగ్గుతోంది. కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించే వీలును కొత్త చట్టం 2026 మే 1 నుంచి రద్దు చేస్తోంది. అద్దె ఒప్పందంతో ఉన్నవారిని పంపాలంటే యజమాని చట్టంలో ఉన్న కారణం చూపాలి. ఒక నెలకు మించి అద్దె ముందుగా కట్టమని అడగడం కూడా కుదరదు. బ్రిటన్‌లో హామీ ఇచ్చే మనిషి లేక ఆరు నెలల, ఏడాది అద్దె ఒకేసారి కట్టిన విదేశీ విద్యార్థులకు ఇది పెద్ద మార్పు.

లైసెన్స్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. లైసెన్స్ పొందిన ఇళ్ల జాబితాను ప్రతి కౌన్సిల్ ప్రజలకు అందుబాటులో ఉంచాలని 2004 చట్టమే చెబుతోంది. చాలా కౌన్సిళ్లు దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాయి. అందులో చిరునామా కోసం వెతికి, లైసెన్స్ ఏ రకం, ఎంతమందికి అన్నవి చూడాలి. ఆ సంఖ్యను ఇంట్లో ఉన్న మంచాలతో పోల్చాలి. పేరు కనిపించకపోతే దరఖాస్తు పెండింగ్‌లో ఉందేమో కౌన్సిల్‌ను అడగాలి. సరైన దరఖాస్తు చేసి ఎదురుచూస్తున్న యజమానిది నేరం కాదు. ఈ పని అడ్వాన్స్ పంపకముందు, ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చునే చేసుకోవచ్చు.