మాన్ పేజీ రాద్దాం రండి

 

మన కంప్యూటర్ గదిలో లైనక్స్ మెషిన్లు ఉన్నాయి గదా. నల్ల తెర మీద ‘మాన్’ అని కొట్టి, పక్కన కమాండ్ పేరు కొడితే దాని వివరం వస్తది. చదివినాక ‘క్యూ’ నొక్కితే పోతది. ఈ మాన్ అంటే మనిషి కాదు, మాన్యువల్‌కు పొట్టి పేరు. పేజీ మెషిన్లోనే ఉంటది కాబట్టి నెట్ లేకున్నా దొరుకుతది.

ఈ పద్ధతి పాతది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ గార్లు 1971 నవంబరు 3 తేదీతో యూనిక్స్ మొదటి మాన్యువల్ తెచ్చినారు. ప్రోగ్రాంలో ఉన్న లోపాలు చెప్పడానికి ‘బగ్స్’ అనే శీర్షిక అందులోనే ఉంది.

మన మెస్ లెక్క చెప్పే ‘హాజరు’ ప్రోగ్రాం పదో తరగతి అక్కలు తయారుచేసినారు. ఏప్రిల్‌లో వాళ్ళు వెళ్ళిపోతారు. తర్వాత నడిపేదెవరు? లెక్క ఎక్కువైతే అన్నం పారబోయాలి. తక్కువైతే ఆఖర్న వచ్చిన తమ్ముడికి గిన్నె అడుగే మిగులుతది. అందుకే దానికి నేను మాన్ పేజీ రాసినాను. ఎట్లా రాయాలో చెప్తాను.

మాన్ పేజీల అసలు భాష రోఫ్. అందులో శీర్షిక కావాలంటే చుక్క పెట్టి ‘ఎస్‌హెచ్’ అని రాయాలి. లావు అక్షరాలకు ఇంకో గుర్తు, మామూలు అక్షరాలకు రావాలంటే మరో గుర్తు. మామూలు కళ్ళకు చదవడం కష్టం. ఈ కష్టం తగ్గించడానికి 2018లో డ్రూ డెవాల్ట్ అనే ఆయన ‘ఎస్‌సీడాక్’ తెచ్చినాడు. మనం మామూలు ఫైలులో తేలికగా రాస్తే, అది రోఫ్‌లోకి మార్చి ఇస్తది. ఇట్లా ఉంటది:

హాజరు(1)

# పేరు

హాజరు - భోజనానికి ఎంతమందో చెప్తది

# వాడుక

*హాజరు* [*-త* _తరగతి_]

# లోపాలు

సెలవు మీద ఇంటికి పోయినవాళ్ళను తీసెయ్యదు. చేత్తో తీసెయ్యాలి.

(గోడ మీద అందరికీ అర్థం కావాలని తెలుగులో రాసినాను. మెషిన్లో కమాండ్ పేరు, శీర్షికలు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి.)

గుర్తులు నాలుగే చూడండి. # పెడితే శీర్షిక. రెండు చుక్కగుర్తుల * మధ్య రాస్తే లావు అక్షరం, ఉన్నదున్నట్టు కొట్టాల్సిన మాట. రెండు అడుగు గీతల _ మధ్య రాస్తే కింద గీత వస్తది, అక్కడ మన సొంత మాట పెట్టాలి. చదరపు బ్రాకెట్లలో ఉన్నది అవసరమైతేనే కొట్టాలి.

పేరు పక్కన 1 ఎందుకంటే, మాన్యువల్ భాగాలుగా ఉంటది. 1లో కమాండ్లు, 5లో ఫైళ్ళ రూపాలు, 8లో మెషిన్ నిర్వహణ. ఒకే పేరుతో కమాండూ ఫైలూ రెండూ ఉంటే, ఏది కావాలో ఈ అంకె చెప్తది.

రాసినాక ఎస్‌సీడాక్‌తో మార్చండి. ‘మాన్’ పక్కన ‘-ఎల్’ పెట్టి ఆ ఫైలు పేరు కొడితే పేజీ ఎట్లా వచ్చిందో చూడవచ్చు.

రాసేటప్పుడు మూడు సంగతులు మరవకండి. పేరు పక్కన ఒక్క వాక్యంలోనే పని చెప్పాలి. కొట్టి చూడటానికి కనీసం ఒక ఉదాహరణ ఇవ్వాలి. లోపం దాచకూడదు, పైన ఆ సెలవుల మాట రాయకుంటే, పండక్కి సగం హాస్టల్ ఖాళీ అయినా అందరికీ వండుతారు.

పేజీ బాగుందో లేదో తెలియాలంటే ఆ ప్రోగ్రాం ఎన్నడూ చూడని ఆరో తరగతి తమ్ముడి ముందు పెట్టండి. పక్కన నిలబడి ఏమీ చెప్పకండి. వాడు ఎక్కడ ఆగి మన మొహం చూస్తాడో, అక్కడ ఇంకో వాక్యం కావాలి.

అక్కలారా, అన్నలారా! మీరు చేసిన ప్రోగ్రాంలకు పరీక్షల లోపే తలా ఒక పేజీ రాసి పొండి. మీరు పోయినా మీ మాట మాకు దొరకాలి.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థి